యూనిట్ – 9: అక్వేరియం పరికరాలు – తక్కువ ఖర్చుతో నమ్మకమైన ఎంపిక

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 ప్రస్తావన
9.2 తొట్టి నీటిలో జరిగే మార్పులు
9.3 తొట్టి ఎంపిక
9.4 ఫిల్టర్, ఎయిర్ పంప్
9.5 హీటర్, దీపం
9.6 నీటిని సిద్ధం చేయడానికి, పరీక్షించడానికి కావలసినవి
9.7 విద్యుత్ భద్రత
9.8 ఖర్చు లెక్క, కొనుగోలు క్రమం
9.9 కొనకపోయినా నష్టం లేనివి
9.10 సారాంశం
9.11 ముఖ్య పదాలు
9.12 మీ ప్రగతిని సమీక్షించుకోండి – సమాధానాలు
9.13 నమూనా పరీక్ష ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరవాత మీరు:
• తొట్టి నీటిలో అమోనియా ఎలా ఏర్పడుతుందో, ఎలా తొలగుతుందో వివరించగలుగుతారు.
• ఒక్కొక్క పరికరం చేసే పనిని బట్టి దాని అవసరాన్ని నిర్ణయించగలుగుతారు.
• దుకాణంలో తొట్టిని, ఎయిర్ పంప్‌ను, ఫిల్టర్‌ను పరీక్షించి ఎంచుకోగలుగుతారు.
• కొన్న ధరతో పాటు కరెంటు ఖర్చు, మన్నిక కలిపి అసలు ఖర్చు లెక్కకట్టగలుగుతారు.
• విద్యుత్ ప్రమాదాలు జరగకుండా పరికరాలను అమర్చగలుగుతారు.

9.1 ప్రస్తావన

కిందటి యూనిట్‌లో అలంకరణ చేపల రకాలను, వాటి జీవన విధానాన్ని తెలుసుకున్నారు. ఆ చేపలను ఇంట్లో పెంచడానికి కావలసిన పరికరాలను ఎలా ఎంచుకోవాలో ఈ యూనిట్‌లో చూద్దాం.

చేపలను గాజు తొట్టిలో శాస్త్రీయంగా పెంచే పద్ధతి పందొమ్మిదో శతాబ్దం మధ్యలో ఇంగ్లండులో రూపుదిద్దుకుంది. 1850లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు చేపలు, నీటి మొక్కలు, నత్తలు కలిసి ఉంటే తొట్టిలో ఒక సమతౌల్యం నిలుస్తుందని తన ప్రయోగాల ద్వారా తెలియజేశాడు. 1853లో లండన్ జంతు ప్రదర్శనశాలలో ప్రజల సందర్శనకు చేపల భవనం తెరిచారు. ఆ కాలంలో కరెంటు పంపు లేదు, హీటర్ లేదు. నీటిని గురించిన అవగాహనే వారికున్న ముఖ్య సాధనం. ఈనాటి కొనుగోలుదారుకు కూడా మొదట కావలసింది అదే.

కొత్తగా చేపలు పెంచేవారిలో చాలామందికి ఎదురయ్యే అనుభవం ఒకటుంది. పండగకో, పిల్లల పుట్టినరోజుకో ఒక చిన్న గాజు గిన్నె, రంగు రాళ్లు, ఒక ప్లాస్టిక్ బొమ్మ, నాలుగు గోల్డ్‌ఫిష్‌లు కొంటారు. రెండు మూడు వారాలు తిరగకుండానే చేపలు చనిపోతాయి. చేపలు మంచివి కావని, తమ చేతికి అచ్చిరాలేదని అనుకుంటారు. మళ్లీ కొంటారు, మళ్లీ చనిపోతాయి. చివరికి ఖాళీ గిన్నె అటక ఎక్కుతుంది. ఇక్కడ డబ్బు ఖర్చు కాకపోలేదు. నీటిని బాగుచేసే పరికరాల మీద పెట్టవలసింది కంటికి కనిపించే అలంకరణ మీద ఖర్చయింది. ఏ రూపాయి చేప ప్రాణాన్ని నిలబెడుతుందో, ఏది నిలబెట్టదో తేల్చుకోవడమే ఈ యూనిట్‌లోని ప్రధానాంశం.

9.2 తొట్టి నీటిలో జరిగే మార్పులు

చేప తిన్న మేతలోని మాంసకృత్తులు శరీరంలో విచ్ఛిన్నమై అమోనియా ఏర్పడుతుంది. చేప దీన్ని ఎక్కువగా మొప్పల ద్వారా నీటిలోకి విడుస్తుంది. తినకుండా మిగిలిన మేత, మలం, కుళ్లిన ఆకులు కూడా అమోనియాను ఇస్తాయి. చెరువులో నీరు విస్తారంగా ఉంటుంది కాబట్టి ఇది పలచబడిపోతుంది. తొట్టిలో ఆ వీలు లేదు.

దీన్ని ఒక లెక్కతో చూద్దాం. మేతలో 40 శాతం మాంసకృత్తులు ఉన్నాయనుకోండి. మాంసకృత్తులలో నత్రజని సుమారు 16 శాతం. అంటే ఒక గ్రాము మేతలో 64 మిల్లీగ్రాముల నత్రజని ఉంటుంది. చిటికెడు మేత, అంటే 0.1 గ్రాము, తొట్టి అడుగున పడి పూర్తిగా కుళ్లి అమోనియాగా మారితే 6.4 మి.గ్రా. నత్రజని నీటిలో చేరుతుంది. 5 లీటర్ల గిన్నెలో ఇది లీటరుకు 1.28 మి.గ్రా. అవుతుంది. 45 లీటర్ల నీరున్న తొట్టిలో లీటరుకు 0.14 మి.గ్రా. మాత్రమే. తప్పు ఒకటే, ఫలితంలో తొమ్మిది రెట్ల తేడా. చేయి తిరగని వారికి చిన్న గిన్నె తేలికని అనుకుంటాం గాని, నిజానికి పెద్ద తొట్టే తేలిక.

అమోనియా నీటిలో రెండు రూపాలలో ఉంటుంది. అయాన్ రూపం (అమ్మోనియం) అంత హానికరం కాదు. అయాన్ కాని రూపం మొప్పలను దెబ్బతీస్తుంది. నీటి పి.హెచ్., ఉష్ణోగ్రత పెరిగినకొద్దీ ఈ విష రూపం వాటా పెరుగుతుంది. 28 డిగ్రీల సెల్సియస్ వద్ద పి.హెచ్. 7 ఉన్నప్పుడు మొత్తం అమోనియాలో విష రూపం ఒక శాతం కూడా ఉండదు. పి.హెచ్. 8 అయితే సుమారు ఆరున్నర శాతం ఉంటుంది. మన ప్రాంతాల్లో చాలాచోట్ల బోరు నీరు క్షార గుణంతో, కఠినంగా ఉంటుంది. పైగా ఎండలెక్కువ. కాబట్టి అమోనియా విషయంలో మనం మరింత జాగ్రత్తగా ఉండాలి.

ఈ అమోనియాను తొలగించేవి బాక్టీరియా. ఒక వర్గం బాక్టీరియా (ఉదా: నైట్రోసోమోనాస్) అమోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. మరొక వర్గం (ఉదా: నైట్రోస్పైరా) నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. అది రక్తంలోని హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను మోయకుండా చేస్తుంది. నైట్రేట్ హాని తక్కువ. దాన్ని మొక్కలు కొంత పీల్చుకుంటాయి, మిగిలినదాన్ని నీరు మార్చి తొలగిస్తాం. ఈ ప్రక్రియను నత్రీకరణం అంటారు.

నత్రీకరణ బాక్టీరియా ఏదో ఒక ఉపరితలాన్ని అంటిపెట్టుకొని పెరుగుతాయి. వాటికి ఆక్సిజన్ నిరంతరం అందాలి. కొత్త తొట్టిలో ఇవి తగినంతగా పెరగడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పైన చెప్పుకున్న గిన్నెలోని చేపలు రెండు మూడు వారాలలోనే చనిపోవడానికి కారణం ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. అమోనియా, నైట్రైట్ పెరిగే సమయం అదే.

పరికరాల ఎంపికకు ఇక్కడి నుంచి మూడు ప్రశ్నలు వస్తాయి. ఏ పరికరం చూసినా వీటిని వేసుకోండి:
(అ) ఇది నీటి పరిమాణాన్ని పెంచుతుందా?
(ఆ) ఇది బాక్టీరియాకు చోటు, ఆక్సిజన్ ఇస్తుందా?
(ఇ) ఇది నీటి స్థితిని నాకు తెలియజేస్తుందా, లేదా నీటిని మార్చడానికి సాయపడుతుందా?
మూడింటికీ ‘లేదు’ అని జవాబు వస్తే ఆ వస్తువును తరవాత కొనవచ్చు, లేదా అసలు కొనకపోవచ్చు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
1. చేప అమోనియాను ఎక్కువగా ఏ అవయవం ద్వారా విసర్జిస్తుంది?
2. పి.హెచ్. పెరిగితే అమోనియా విష ప్రభావం ఎలా మారుతుంది?

9.3 తొట్టి ఎంపిక

9.3.1 పరిమాణం

ప్రారంభించేవారికి 60 సెం.మీ. పొడవు, 30 సెం.మీ. వెడల్పు, 30 సెం.మీ. ఎత్తు ఉన్న తొట్టి అనువైనది. దుకాణాలలో దీన్ని ‘రెండడుగుల ట్యాంక్’ అంటారు. దీని ఘనపరిమాణం 54 లీటర్లు. అడుగున గులకరాళ్లు, పైన ఖాళీ పోగా సుమారు 45 లీటర్ల నీరు పడుతుంది. ఇందులో జీబ్రా చేపల వంటి చిన్న చేపలను ఆరు నుంచి ఎనిమిది వరకు పెంచవచ్చు. గప్పీలు కావాలనుకుంటే మగవాటిని మాత్రమే కొనండి. ఆడ, మగ కలిసి ఉంటే కొద్ది నెలల్లోనే తొట్టి కిక్కిరిసిపోతుంది. గోల్డ్‌ఫిష్‌కు ఈ తొట్టి చాలదు. అది బాగా పెద్దదవుతుంది, వ్యర్థాలను ఎక్కువగా విడుస్తుంది.

ఒకే ఘనపరిమాణం ఉన్న రెండు తొట్లలో పొడవు, వెడల్పు ఎక్కువ ఉన్నదాన్ని ఎంచుకోండి. నీటి ఉపరితలం ఎక్కువగా ఉంటే గాలిలోని ఆక్సిజన్ ఎక్కువగా కలుస్తుంది. నిలువుగా, సన్నగా ఉండే తొట్లు చూడటానికి బాగుంటాయి గాని ఉపరితలం తక్కువ.

9.3.2 గాజు, అతుకులు, బల్ల

నీటి పీడనం లోతును బట్టి పెరుగుతుంది. పైన చెప్పిన తొట్టి నిండా నీరుంటే ముందు గాజు పలక మీద పడే మొత్తం బలం సుమారు 27 కిలోల బరువుకు సమానం. ఎత్తును మాత్రం 60 సెం.మీ.కు పెంచితే అదే పొడవున్న పలక మీద బలం 108 కిలోలకు సమానమవుతుంది. ఎత్తు రెట్టింపయితే బలం నాలుగు రెట్లయింది. అందుకే ఎత్తైన తొట్టికి మందమైన గాజు కావాలి, ధర కూడా పెరుగుతుంది. 30 సెం.మీ. ఎత్తున్న రెండడుగుల తొట్టికి 5 మి.మీ. గాజు వాడతారు. కొనేటప్పుడు స్కేలు పెట్టి మందం కొలవండి.

ఊళ్లో గాజు దుకాణంలో కూడా తొట్టి చేయించుకోవచ్చు. అప్పుడు రెండు విషయాలు అడగండి. మొదటిది, అతికించే సిలికాన్ అక్వేరియంకు పనికివచ్చేదేనా? స్నానాల గదులకు వాడే కొన్ని రకాలలో బూజును చంపే మందు కలిపి ఉంటుంది. అది చేపలకు హానికరం. రెండవది, అతుకు పూర్తిగా ఆరిందా? చాలా రకాల సిలికాన్ ఆరేటప్పుడు వెనిగర్ వాసన వస్తుంది. ఆ వాసన పూర్తిగా పోయేదాకా నీరు నింపకూడదు.

బరువు సంగతి మరచిపోవద్దు. నీరు 45 కిలోలు, గాజు సుమారు 9 కిలోలు, గులకరాళ్లు 6 నుంచి 8 కిలోలు. అంటే మొత్తం 60 కిలోలు దాటుతుంది. అంటే ఒక మనిషంత బరువు పగలూ రాత్రీ ఆ బల్ల మీద నిలబడి ఉన్నట్టు. ఊగే బల్ల, గోడకు కొట్టిన అర పనికిరావు. బల్ల సమతలంగా ఉండాలి. అడుగు గాజు నేరుగా బల్లను తాకే తొట్టి అయితే కింద థర్మోకోల్ షీటు వేయండి. ఎగుడుదిగుడులను అది సర్దుకుంటుంది.

9.3.3 పాత తొట్టి కొనడం

తక్కువ ధరకు పెద్ద తొట్టి దొరికే మార్గం ఇదే. చాలామంది ఏడాదిలోపే విసుగెత్తి అమ్మేస్తారు. గాజు పాతబడినంత మాత్రాన చెడిపోదు, చూడవలసింది అతుకులను. సిలికాన్ అంచులు లేచి ఉన్నా, గోటితో గీరితే ఊడివస్తున్నా, మూలల్లో పగుళ్లు ఉన్నా వద్దు. బాగుందనిపిస్తే ఇంటికి తెచ్చి, ఆరుబయట సమతలమైన చోట థర్మోకోల్ మీద పెట్టి, నీరు నింపి, రెండు రోజులు ఉంచండి. చుట్టూ పాత వార్తాపత్రికలు పరిస్తే చిన్న చెమ్మ కూడా తెలుస్తుంది.

9.4 ఫిల్టర్, ఎయిర్ పంప్

మీ బడ్జెట్‌లో తొట్టి తరవాత స్థానం వీటిదే. ఫిల్టర్ అంటే చెత్తను వడకట్టేది మాత్రమే అని చాలామంది అనుకుంటారు. దాని ముఖ్యమైన పని నత్రీకరణ బాక్టీరియాకు నివాసం కల్పించడం.

9.4.1 స్పాంజ్ ఫిల్టర్

ప్రారంభకులకు ఇది అన్నిటికన్నా చవకైన, నమ్మకమైన పరికరం. ఒక స్పాంజ్, దాని మధ్యలో ఒక గొట్టం, గొట్టంలోకి గాలి పంపే సన్నని పైపు – ఇంతే నిర్మాణం. ఎయిర్ పంప్ నుంచి వచ్చిన గాలి బుడగలు గొట్టంలో పైకి లేస్తాయి. బుడగలతో కలిసిన నీరు తేలికై పైకి వెళుతుంది. ఆ ఖాళీని నింపడానికి చుట్టూ ఉన్న నీరు స్పాంజ్ గుండా లోపలికి వస్తుంది. స్పాంజ్ రంధ్రాలలో స్థిరపడిన బాక్టీరియాకు అమోనియా, ఆక్సిజన్ రెండూ అందుతాయి.

దీనిలో నీటి లోపల తిరిగే భాగం గాని, కరెంటు తీగ గాని లేదు. చిన్న చేపపిల్లలు దీనిలోకి లాగబడవు. కరెంటు పోయినప్పుడు స్పాంజ్ తొట్టి నీటిలోనే తెరిచి ఉంటుంది కాబట్టి మూసి ఉండే డబ్బా ఫిల్టర్లలో లాగా లోపలి బాక్టీరియా త్వరగా ఊపిరాడక చనిపోవు. కరెంటు కోతలున్న ఊళ్లలో ఈ గుణం చాలా విలువైనది.

స్పాంజ్‌ను కుళాయి కింద కడగకూడదు. నీరు మార్చేటప్పుడు తొట్టి నుంచి తీసిన నీటిలోనే రెండు మూడు సార్లు పిండాలి. కుళాయి నీటిలోని క్లోరిన్ బాక్టీరియాను చంపేస్తుంది. వారాల తరబడి పెరిగినది ఒక్క పూటలో పోతుంది.

9.4.2 ఎయిర్ పంప్

దీని లోపల ఒక రబ్బరు డయాఫ్రం కంపిస్తూ గాలిని నెడుతుంది. కాలక్రమంలో పాడయ్యేది ఎక్కువగా ఆ రబ్బరే. అందువల్ల కొనేముందు దుకాణదారును అడగవలసిన ప్రశ్న: ‘దీని డయాఫ్రం విడిగా దొరుకుతుందా?’ దొరికితే ఆ పంపు ఏళ్ల తరబడి పనిచేస్తుంది. దొరకకపోతే రబ్బరు చిరిగిన రోజున మొత్తం పంపు చెత్తబుట్టలోకి పోతుంది.

దుకాణంలోనే మూడు పరీక్షలు చేయండి. (1) పంపును నడిపించి, పైపు కొసను బకెట్ నీటిలో మీ తొట్టి లోతు వరకు ముంచండి. గాలిలో బాగా ఊదే పంపు 30 సెం.మీ. లోతున బలహీనపడవచ్చు. (2) పంపును చదునైన చోట పెట్టి శబ్దం వినండి. ఇది రాత్రంతా నడిచేది. పడకగదిలో పెట్టేవారికి ఈ పరీక్ష ముఖ్యం. (3) పది నిమిషాల తరవాత పంపును తాకి చూడండి. గోరువెచ్చగా ఉండటం సహజం; చేయి పెట్టలేనంత వేడెక్కితే వద్దు.

పంపును నీటి మట్టం కన్నా ఎత్తులో పెట్టాలి. వీలుకాకపోతే గాలి పైపులో నాన్-రిటర్న్ వాల్వ్ బిగించాలి. లేకపోతే కరెంటు పోయినప్పుడు తొట్టి నీరు పైపు ద్వారా వెనక్కి పారి పంపులోకి, అక్కడి నుంచి స్విచ్‌బోర్డు వైపు చేరే ప్రమాదం ఉంది. ఈ వాల్వ్ చాలా చవక. పంపుతో పాటే కొనండి.

9.4.3 పవర్ ఫిల్టర్

చిన్న మోటారుతో నీటిని తోడి స్పాంజ్ గుండా పంపే పరికరం ఇది. పెద్ద తొట్లకు, గోల్డ్‌ఫిష్ వంటి వాటికి ఉపయోగపడుతుంది. గంటకు తొట్టి నీటికి నాలుగు నుంచి ఆరు రెట్ల నీటిని తిప్పగలిగితే చాలు. అయితే పెట్టె మీద రాసిన ప్రవాహం ఏ అడ్డూ లేనప్పటి కొలత. స్పాంజ్ పెట్టాక, నీరు పైకి ఎత్తవలసి వచ్చాక అది తగ్గుతుంది. మీరే కొలవవచ్చు: ఫిల్టర్ నుంచి వచ్చే నీటితో ఒక లీటరు సీసా ఎన్ని సెకండ్లలో నిండిందో చూసి, 3,600ను ఆ సెకండ్లతో భాగించండి. 12 సెకండ్లలో నిండితే గంటకు 300 లీటర్లు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
3. 75 × 30 × 40 సెం.మీ. తొట్టి నిండా నీరు పోస్తే ఆ నీటి బరువెంత?
4. ఒక ఫిల్టర్ లీటరు సీసాను 15 సెకండ్లలో నింపింది. 45 లీటర్ల తొట్టికి అది చాలుతుందా?

9.5 హీటర్, దీపం

అక్వేరియం గురించిన చాలా పుస్తకాలు చలి దేశాలలో రాసినవి. వాటిలో హీటర్ తప్పనిసరి అని ఉంటుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఏడాదిలో ఎక్కువ కాలం ఇంట్లోని నీరు ఉష్ణమండల చేపలకు తగినంత వెచ్చగానే ఉంటుంది. కోస్తా జిల్లాలవారికి సాధారణంగా హీటర్ అవసరం రాదు. ఆదిలాబాద్ వంటి చల్లని ప్రాంతాలవారికి డిసెంబరు, జనవరి రాత్రులలో అవసరం కావచ్చు. ముందు ఒక థర్మామీటర్ కొని, చలికాలంలో తెల్లవారుజామున నీటి ఉష్ణోగ్రత వారం రోజులు రాసుకోండి. అది తరచుగా 22 డిగ్రీల కన్నా తగ్గితేనే హీటర్ గురించి ఆలోచించండి. కొంటే లీటరుకు ఒక వాట్‌కు మించి అవసరం లేదు. థర్మోస్టాట్ ఉన్నదే తీసుకోండి. థర్మోస్టాట్ లేని చవక హీటర్ తనంతట తాను ఆగదు. ఒక రాత్రి మరచిపోతే చేపలు ఉడికిపోతాయి.

మనకు అసలు సమస్య వేసవి. నీరు వేడెక్కినకొద్దీ దానిలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల వద్ద లీటరు మంచినీటిలో సుమారు 9.1 మి.గ్రా. ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీల వద్ద 7.6 మి.గ్రా., 35 డిగ్రీల వద్ద 7 మి.గ్రా. మాత్రమే. అదే సమయంలో చేపకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. కాబట్టి హీటర్‌కు పెట్టే డబ్బుతో బ్యాటరీతో కూడా పనిచేసే ఎయిర్ పంప్ కొనడం మన ప్రాంతాలకు తెలివైన పని. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఎయిర్ పంప్‌ను ఆ లైనుకు కలపండి. అది వాడే కరెంటు చాలా తక్కువ.

దీపం చేపలకన్నా మొక్కలకు, చూసేవారికి అవసరం. తక్కువ వాట్ల ఎల్.ఇ.డి. దీపం రోజుకు ఎనిమిది గంటలు చాలు. ఎక్కువసేపు వెలిగిస్తే నాచు పెరుగుతుంది. తొట్టి మీద నేరుగా ఎండ పడే చోటు కూడా వద్దు.

9.6 నీటిని సిద్ధం చేయడానికి, పరీక్షించడానికి కావలసినవి

కుళాయి (నల్లా) నీటిలో క్లోరిన్ ఉంటుంది. వెడల్పాటి బకెట్‌లో పోసి, ఎయిర్ స్టోన్ పెట్టి ఒక రోజు ఉంచితే చాలావరకు పోతుంది. తొందరగా కావాలంటే సోడియం థయోసల్ఫేట్ వాడవచ్చు. ఫొటో స్టూడియోలవారు, ప్రయోగశాలలవారు దీన్ని ‘హైపో’ అంటారు. రంగు సీసాలలో వివిధ పేర్లతో అమ్మే క్లోరిన్ తొలగించే ద్రావణాలలో చాలావాటికి మూలం ఇదే. 10 గ్రాముల స్ఫటికాలను ఒక లీటరు నీటిలో కరిగించి ఉంచుకోండి. లీటరుకు ఒక మిల్లీగ్రాము క్లోరిన్ ఉన్న 10 లీటర్ల నీటికి ఈ ద్రావణం 7 మి.లీ. సరిపోతుంది. సీసా మీద పేరు రాసి పిల్లలకు అందకుండా పెట్టండి.

గులకరాళ్లు కొనేముందు ఒక చిన్న పరీక్ష: రాయి మీద నిమ్మరసం పిండండి. బుడగలు వస్తే అందులో సున్నం ఉన్నట్టు. అటువంటి రాళ్లు నీటి కాఠిన్యాన్ని, పి.హెచ్.ను పెంచుతాయి. బోరు నీరు వాడేవారికి అది అదనపు ఇబ్బంది.

టెస్ట్ కిట్ కొనడానికి చాలామంది వెనకాడతారు. అమోనియా, నైట్రైట్ కంటికి కనిపించవు. నీరు అద్దంలా ఉన్నా విషం ఉండవచ్చు. కనీసం అమోనియా టెస్ట్ కిట్ కొనండి. చుక్కల పద్ధతిలో పనిచేసే ద్రవ కిట్‌తో ఎక్కువ సార్లు పరీక్షించవచ్చు. గడువు తేదీ చూసి తీసుకోండి. ఇద్దరు ముగ్గురు మిత్రులు కలిసి ఒక కిట్ కొనుక్కున్నా మంచిదే. ఒక బకెట్‌ను, ఒక సైఫన్ పైపును కేవలం తొట్టికే కేటాయించండి. సబ్బు తగిలిన బకెట్ వాడకూడదు.

డబ్బు పెట్టకుండా దొరికే అత్యుత్తమ సాధనం ఒకటుంది. ఆరోగ్యకరమైన తొట్టి నడుపుతున్న మిత్రుడి ఫిల్టర్‌లో మీ కొత్త స్పాంజ్‌ను మూడు నాలుగు వారాలు ఉంచి తెచ్చుకోండి. తడి ఆరకుండా తెస్తే బాక్టీరియా కూడా వెంట వస్తుంది.

9.7 విద్యుత్ భద్రత

నీరు, కరెంటు పక్కపక్కన ఉండే వస్తువు అక్వేరియం. ఇందులో పొదుపు చేయకూడని భాగం ఇదే. కింది నియమాలను పాటించండి.
• తీగ ప్లగ్‌లోకి చేరేముందు ప్లగ్ కన్నా కిందికి వంగి మళ్లీ పైకి రావాలి. తీగ వెంట జారిన నీటి చుక్క ఆ వంపు దగ్గర కింద పడిపోతుంది, ప్లగ్‌లోకి పోదు.
• స్విచ్‌బోర్డు తొట్టికి నేరుగా కింద ఉండకూడదు.
• తొట్టిలో చేయి పెట్టేముందు అన్ని ప్లగ్‌లూ తీసేయండి. స్విచ్ ఆపితే చాలదు.
• హీటర్‌ను నీటిలో పూర్తిగా మునిగిన తరవాతే ఆన్ చేయాలి. నీరు తీసేముందు ఆపి, చల్లారనివ్వాలి.
• ఇంటి కరెంటు లైనులో 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకి ఆగిపోయే బ్రేకర్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. ఎర్తింగ్ సరిగా ఉండాలి.
• అతుకులు వేసిన తీగ, పగిలిన హీటర్ గొట్టం ఉన్న పాత సామాను ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు.

పాత తొట్టి కొనవచ్చని పైన చెప్పుకున్నాం. పాత హీటర్ విషయంలో ఆ సలహా వర్తించదు.

9.8 ఖర్చు లెక్క, కొనుగోలు క్రమం

ధరలు ఊరిని బట్టి, కాలాన్ని బట్టి మారుతుంటాయి కాబట్టి లెక్కించే పద్ధతిని నేర్చుకుందాం. ఒక పరికరం అసలు ఖర్చులో మూడు భాగాలుంటాయి: కొన్న ధర, కరెంటు ఖర్చు, మరమ్మతు లేదా మార్పిడి.

నెలకు (30 రోజులకు) కరెంటు వాడకం ఇలా ఉంటుంది:
ఎయిర్ పంప్, 3 వాట్లు, రోజుకు 24 గంటలు – 2.16 యూనిట్లు
పవర్ ఫిల్టర్, 10 వాట్లు, 24 గంటలు – 7.2 యూనిట్లు
ఎల్.ఇ.డి. దీపం, 8 వాట్లు, 8 గంటలు – 1.92 యూనిట్లు
హీటర్, 50 వాట్లు, 10 గంటలు – 15 యూనిట్లు

మన్నికను ఒక ఊహాత్మక ఉదాహరణతో చూద్దాం. 200 రూపాయల పంపు ఏడాది పనిచేసి పాడైంది. 450 రూపాయల పంపు మూడేళ్లు పనిచేసింది. మొదటిదాని ఏడాది ఖర్చు 200, రెండోదాని ఖర్చు 150 రూపాయలు. ధర ఎక్కువున్నదే చవక అయింది. అయితే ధర ఎక్కువైన ప్రతి వస్తువూ మన్నుతుందని అర్థం కాదు. విడిభాగాలు దొరకడం, బిల్లు, రాతపూర్వక వారంటీ – నమ్మకానికి ఆధారాలు ఇవి.

చెన్నైలోని కొళత్తూరు రంగుచేపల వ్యాపారానికి పెద్ద కేంద్రం. అలాంటి చోట రకాలు ఎక్కువ దొరుకుతాయి. అయినా పంపు, హీటర్ వంటి వాటిని మీ ఊరి దుకాణంలో కొనడంలో ఒక లాభం ఉంది: నడిపించి చూడవచ్చు, పాడైతే తిరిగి వెళ్లి అడగవచ్చు. ఆన్‌లైన్‌లో స్పాంజ్, వాల్వ్, టెస్ట్ కిట్ వంటి పగలని వస్తువులు కొనడం మేలు.

కొనుగోలు క్రమం ఇలా ఉండాలి:
మొదటి వారం: తొట్టి, బల్ల, థర్మోకోల్, ఎయిర్ పంప్, వాల్వ్, స్పాంజ్ ఫిల్టర్, థర్మామీటర్, గులకరాళ్లు, బకెట్, సైఫన్. నీరు నింపి లీకేజీ చూడటం, పంపు నడిపించడం.
రెండో వారం: టెస్ట్ కిట్, మూత, నీటి మొక్కలు. రోజూ చిటికెడు మేత వేస్తూ బాక్టీరియా పెరగనివ్వడం. ఇంకా చేపలు వద్దు.
నాలుగు నుంచి ఆరు వారాల తరవాత: మేత వేస్తూ ఉన్నా అమోనియా, నైట్రైట్ సున్నా చూపిస్తే రెండు మూడు చేపలు. వాటి తరవాత రెండు వారాలకు మరికొన్ని.

చేపలను చివర కొనడం పిల్లలకు నచ్చకపోవచ్చు. ఆ వారాలలో పరీక్షల ఫలితాలు రాసే పని వారికే అప్పగించండి. ఎదురుచూపు కూడా పాఠమే అవుతుంది.

9.9 కొనకపోయినా నష్టం లేనివి

గాలి బుడగలు వదిలే బొమ్మలు, రంగు పూసిన రాళ్లు, ప్లాస్టిక్ మొక్కలు, వెనక అతికించే బొమ్మ కాగితాలు – వీటివల్ల నీటికి మేలేమీ లేదు. ‘నీటిని తేటపరిచే మందు’ అని అమ్మేవి నీటిని తేటగా చూపించవచ్చు గాని అమోనియాకు కారణమైన మేతను తగ్గించలేవు.

వీటన్నిటికన్నా జాగ్రత్త పడవలసినది ‘తొట్టిని శుభ్రం చేసే చేప’ పేరుతో అమ్మే సక్కర్ చేప. పరికరం కొన్నట్టుగా దీన్ని కొంటారు. ఇది కొంత నాచు తింటుంది, నిజమే. కాని దానికన్నా ఎక్కువ మలం వదులుతుంది. అరచేతిలో పట్టే పిల్ల అడుగు పొడవు దాటి పెరుగుతుంది. తొట్టిలో పట్టక చాలామంది దీన్ని దగ్గరి చెరువులో వదిలేస్తారు. దక్షిణ అమెరికాకు చెందిన ఈ జాతి చేపలు ఆంధ్రప్రదేశ్ చెరువులలో, నదులలో వ్యాపించాయి. వాటి గట్టి ముళ్లు వలలను చింపుతాయి, తినే చేపలకు ఆహారం దొరకకుండా చేస్తాయి. మనం ఇంట్లో తీసుకున్న ఒక చిన్న నిర్ణయం ఒక జాలరి కుటుంబం రోజు కూలిని తగ్గించగలదు. ఏ అక్వేరియం చేపనూ, మొక్కనూ చెరువులో, కాలువలో వదలకండి. పెంచలేకపోతే దుకాణానికి తిరిగి ఇవ్వండి.

9.10 సారాంశం

అక్వేరియంలో చేప బతకడం నీటి మీద, నీరు బాగుండటం నత్రీకరణ బాక్టీరియా మీద ఆధారపడి ఉంటుంది. అందువల్ల ప్రారంభకులు తమ డబ్బును వరసగా తగినంత పెద్ద తొట్టి, ఎయిర్ పంప్‌తో నడిచే స్పాంజ్ ఫిల్టర్, అమోనియా టెస్ట్ కిట్‌ల మీద పెట్టాలి. మన వాతావరణంలో హీటర్ కన్నా ఆక్సిజన్ సరఫరా ముఖ్యం. తొట్టి పాతదైనా ఫరవాలేదు. కరెంటు పరికరాలు మాత్రం కొత్తవి, పరీక్షించినవి కావాలి. ధరను మన్నికతో, కరెంటు ఖర్చుతో కలిపి చూడాలి. అన్ని పరికరాలూ సిద్ధమై, నీరు పరీక్షలో నెగ్గిన తరవాతే చేపలు కొనాలి.

9.11 ముఖ్య పదాలు

నత్రీకరణం: బాక్టీరియా అమోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే ప్రక్రియ.
డయాఫ్రం: ఎయిర్ పంప్‌లో కంపిస్తూ గాలిని నెట్టే రబ్బరు పొర.
నాన్-రిటర్న్ వాల్వ్: గాలిని ఒకే దిశలో పోనిచ్చి, నీరు వెనక్కి రాకుండా ఆపే చిన్న భాగం.
థర్మోస్టాట్: నిర్ణీత ఉష్ణోగ్రత రాగానే హీటర్‌ను ఆపే భాగం.
సైఫన్: ఎత్తు తేడా ఆధారంగా పైపు ద్వారా నీటిని తీసే పద్ధతి.

9.12 మీ ప్రగతిని సమీక్షించుకోండి – సమాధానాలు

1. మొప్పల ద్వారా.
2. అయాన్ కాని విష రూపం వాటా పెరిగి, హాని ఎక్కువవుతుంది.
3. ఘనపరిమాణం 90 లీటర్లు. బరువు 90 కిలోలు.
4. గంటకు 240 లీటర్లు, అంటే తొట్టి నీటికి ఐదు రెట్ల కన్నా ఎక్కువ, కాబట్టి చాలుతుంది.

9.13 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. అక్వేరియంలో నత్రీకరణ ప్రక్రియను వివరించి, పరికరాల ఎంపికకు దానితో గల సంబంధాన్ని చర్చించండి.
2. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాతావరణంలో హీటర్, ఎయిర్ పంప్‌లలో దేనికి ప్రాధాన్యమివ్వాలి? కారణాలు రాయండి.

II. కింది ప్రశ్నలకు 10 వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. స్పాంజ్ ఫిల్టర్ పనిచేసే విధానం.
2. పాత తొట్టి కొనేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు.
3. అక్వేరియం దగ్గర విద్యుత్ భద్రతా నియమాలు.
4. సక్కర్ చేపను చెరువులో వదలడం వల్ల కలిగే నష్టాలు.

III. ప్రయోగాత్మక కృత్యం
మీ ఊళ్లోని రెండు దుకాణాలకు వెళ్లి, 45 లీటర్ల తొట్టికి కావలసిన పరికరాల ధరలు, వాట్లు, వారంటీ, విడిభాగాల లభ్యత ఒక పట్టికలో రాయండి. ఒక్కొక్క పరికరానికి మూడేళ్ల మొత్తం ఖర్చు లెక్కించి, మీ ఎంపికకు కారణాలు తెలపండి.